ఎక్స్ కిరణముల మోతాదు: 'మూడు దినముల' లెక్కపై ఒక విమర్శ

ఛాతీకి ఒక ఎక్స్-రే ఫొటో తీసినప్పుడు శరీరమునకు కలుగు వికిరణము, మనము ప్రకృతినుండి మూడు దినములలో పొందు వికిరణముతో సమానమని అనేక వ్యాసములలోను, ఆరోగ్య కరపత్రములలోను చదువుచున్నాము. భయపడువారికి ధైర్యము చెప్పుటకు ఈ వాక్యము చక్కగా పనికివచ్చును. కాని విజ్ఞానశాస్త్రమును బోధించు మనము దీనిని యథాతథముగా అంగీకరింపవచ్చునా? ఈ వాక్యము దేనిని తెలుపుచున్నదో, దేనిని మరుగుపరచుచున్నదో పరిశీలింతము.

లెక్క సులభమే. ప్రపంచములో ఒక మనిషి సహజ వికిరణమువలన సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టుల మోతాదు పొందును. ఛాతీ ఎక్స్-రేకు సాధారణముగా చెప్పు విలువ సుమారు 0.02 మిల్లీసీవర్టు. భాగహారము చేసినచో మూడు దినములు వచ్చును. అంకగణితములో తప్పు లేదు. తప్పు ఎచ్చటనైన ఉన్నచో అది ఆ 0.02 అను అంకెను మనము అర్థము చేసికొను తీరులో ఉన్నది.

మొదటి లోపము: ఈ వాక్యము వినినవానికి ఎక్స్ కిరణములన్నియు ఒకే రకమైనవని తోచును. 100 కిలోవోల్టుల గొట్టమునుండి 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణములే వెలువడునని మన విద్యార్థులు తరచుగా భావింతురు. ఇది సరికాదు. 1915లో డ్యువేన్, హంట్ అనువారు చూపినట్లు, 100 అనునది పై హద్దు మాత్రమే. దానికి దిగువనున్న శక్తులన్నిటిలోను కిరణములు పుట్టును. ఆ అవిచ్ఛిన్న వర్ణపటముపై 59 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరను, 67 దగ్గరను టంగ్‌స్టను లోహపు స్వాభావిక రేఖలు నిలువుగా లేచును. మొత్తము పుంజపు సగటు శక్తి పై హద్దులో మూడవవంతునకును, సగమునకును నడుమ ఉండును.

ఈ భేదమునకు రోగితో నిమిత్తమేమి? 15 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటానులు నీటివంటి మెత్తని కణజాలములో మొదటి నాలుగు సెంటీమీటర్లు దాటులోపలనే దాదాపు అన్నియు లయించును. అవి ఫిల్మును చేరవు, పటమునకు ఉపయోగపడవు, చర్మమునకు మోతాదు మాత్రము చేర్చును. అందుచేతనే గొట్టము ముందు అల్యూమినియము పలక నుంచుదురు. రెండున్నర మిల్లీమీటర్ల పలకగుండా ఆ మెత్తని ఫోటానులు వేయింటికి ఐదు మాత్రమే బయటపడును. 60 కిలో ఎలక్ట్రాన్ వోల్టులవైనచో వేయింటికి సుమారు 830 దాటిపోవును. కనుక ఒకే కిలోవోల్టులతో పనిచేయు రెండు యంత్రములలో ఒకదాని పలక పలుచనైనచో, ఆ రోగి చర్మము నిష్ప్రయోజనముగా హెచ్చు మోతాదు పొందును. 'మూడు దినములు' అనుమాట ఈ రెండు యంత్రములను ఒకే గాటను కట్టుచున్నది.

వర్ణపటమును కొలుచుటయు తేలిక కాదు. అయనీకరణ మందిరము గాలిలో ఏర్పడిన విద్యుదావేశమును కొలిచి మోతాదును తెలుపును గాని, ఏ ఫోటాను ఎంత శక్తి గలదో చెప్పదు. అందుకు జర్మేనియము వంటి స్ఫటికపు శోధకములు కావలెను. రోగనిర్ణయ పుంజములో ఫోటానులు అతి దట్టముగా వచ్చుటచే, రెండు ఫోటానులు ఒక్కసారి తగిలి, రెండింటి శక్తుల మొత్తము గల ఒక్క ఫోటానుగా నమోదగును. 100 కిలోవోల్టుల గొట్టమునకు 120 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర లెక్కలు కనిపించినచో, అది ప్రకృతి వింత కాదు, కొలతలోని దోషము. అందుచేత శోధకమును దూరముగానుంచి, సూదిబెజ్జమంత రంధ్రము గుండా కొలుతురు.

రెండవ లోపము మరింత ముఖ్యమైనది. సీవర్టులలో చెప్పు 'ప్రభావ మోతాదు'ను రోగి శరీరములో నేరుగా ఏ పరికరమును కొలువదు. ఒక్కొక్క అవయవము పొందిన మోతాదును ఒక్కొక్క భారాంకముతో గుణించి కూడగా వచ్చు సంఖ్య యిది. ఈ భారాంకములను అంతర్జాతీయ వికిరణ రక్షణ సంఘము నిర్ణయించును. 2007లో ఆ సంఘము రొమ్ముల భారాంకమును 0.05 నుండి 0.12కు పెంచి, బీజకోశములదానిని 0.20 నుండి 0.08కి తగ్గించెను. యంత్రము మారలేదు, రోగి మారలేదు, అంకె మారినది. పైగా ఆ భారాంకములు స్త్రీ పురుషులకు, అన్ని వయసులవారికి కలిపి తీసిన సగటులు. ఒక వ్యక్తికి కలుగు అపాయమును దానితో లెక్కింపరాదని ఆ సంఘమే హెచ్చరించినది. మన కరపత్రములు సరిగా ఆ పనియే చేయుచున్నవి.

మూడవ లోపము 'దినము' అను కొలమానములోనిది. కేరళలోని కరునాగపల్లి తీరమున మోనజైటు ఇసుకలవలన సహజ వికిరణము ఇతర ప్రాంతములకంటె కొన్ని రెట్లు హెచ్చు. అచ్చటి దినము వేరు, మన దినము వేరు.

ఇంత చెప్పినను, ఈ పోలికను పూర్తిగా త్రోసిపుచ్చుమనుట నా ఉద్దేశము కాదు. పరిమాణపు స్థాయిని అది నిజముగానే చూపును. ఉదరమునకు తీయు సి.టి. స్కానుకు చెప్పు విలువ సుమారు 8 మిల్లీసీవర్టులు. అనగా అదే లెక్కలో మూడేండ్లకు పైబడును. రెంటినీ 'ఎక్స్-రే' అను ఒక్కమాటతో పిలుచువారికి ఈ నాలుగువందల రెట్ల తేడా తెలియవలసినదే. తెలియనిచో, ఛాతీ ఫొటోకు జంకి బిడ్డ క్షయవ్యాధిని గుర్తింపనీయని తల్లియు, అవసరమున్నదా అని అడుగక స్కానుపై స్కాను తీయించుకొను తండ్రియు, ఒకే అజ్ఞానమునకు రెండు ముఖములగుదురు.

కావున ఉపాధ్యాయులకు నా సూచన ఇది. ముందు వర్ణపటమును బల్లపై గీయుడు. తరువాత పలక చేయు పనిని చూపుడు. పిమ్మట చర్మము దగ్గర మిల్లీగ్రేలలో కొలువబడు మోతాదును చెప్పుడు. చిట్టచివర, అది సగటు మనిషికి వేసిన అంచనా యని స్పష్టముగా చెప్పిన పిదపనే, దినముల పోలికను చెప్పుడు. ఈ క్రమమున నేర్చిన విద్యార్థి ఆసుపత్రిలో భయపడడు. ఈ పరీక్ష ఎందుకని మాత్రము అడుగును.