ముందు నీరు, తర్వాత చక్రం, ఆఖర్న సోకు

అమెరికాలో కారు వెనకాల తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇళ్లను ట్రావెల్ ట్రైలర్లంటారు. మన సినిమా షూటింగుల దగ్గర కనిపించే కారవాన్‌కు సొంత ఇంజను ఉంటుంది. దీనికి ఉండదు. చక్రాల మీద ఒక గది, అందులో మంచం, పొయ్యి, ఫ్రిజ్, చిన్న బాత్‌రూము, ముందు గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ. కొత్తది కొనే స్తోమత ఉండి కూడా నలభై, అరవై ఏళ్ల నాటి ట్రైలర్‌ను వెతికి తెచ్చుకుని, ఓపిగ్గా బాగుచేసుకుని, దాంట్లోనే దేశం తిరిగేవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. పాత వస్తువుల మీద మోజు ఒక్కటే అయితే అలంకారంతో సరిపెట్టుకునేవారు. కానీ ఈ బాగుచేసే పనికి ఒక విద్య ఉంది, ఒక వరస ఉంది. ఆ వరస తెలిసినవాడి బండి దశాబ్దాలు నడుస్తుంది.

ఈ యాత్రల పిచ్చి నూరేళ్ల కిందటిది. 1919లో ఫ్లోరిడాలోని టాంపా నగరంలో, డిసోటో పార్కులో విడిది చేసిన మోటారు యాత్రికులు టిన్ కాన్ టూరిస్ట్స్ అనే సంఘం పెట్టుకున్నారు. కాలక్రమంలో కనుమరుగైన ఆ సంఘాన్ని పాత ట్రైలర్ల అభిమానులు 1998లో మళ్లీ నిలబెట్టారు. గ్లైడర్లు తయారుచేసే హాలీ బౌలస్ 1934లో విమానం పద్ధతిలో అల్యూమినియం రేకులు, రివెట్లతో రోడ్ చీఫ్ అనే ట్రైలర్ కట్టాడు. 1936లో వాలీ బయమ్ ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్‌తో ఆ దారినే ముందుకు తీసుకెళ్లాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కర్ర చట్రానికి సన్నటి అల్యూమినియం రేకు తొడిగిన చవక ట్రైలర్లు వెల్లువెత్తాయి. వెనకవైపు రెక్కలతో కనిపించే షాస్టాలు వాటిలో పేరున్నవి. ఆ తర్వాత కెనడాలో బోలర్, మిన్నెసోటాలో స్కాంప్ వంటి ఫైబర్‌గ్లాస్ బండ్లు వచ్చాయి. ఇవాళ జనం బాగుచేసుకుంటున్న పాత బండ్లలో ఎక్కువ భాగం ఈ మూడు రకాలవే. కట్టుబడి వేరైనా మూడింటికీ శత్రువు ఒక్కటే.

నీరే అసలు శత్రువు

పాత ట్రైలర్‌ను చంపేది వయసు కాదు, కిలోమీటర్లు కాదు, చెమ్మ. కప్పు అంచుల్లో, కిటికీల చుట్టూ, గాలిగూళ్ల దగ్గర అతుకులు ఉంటాయి. ఎండకు, చలికి, రోడ్డు కుదుపులకు ఆ అతుకుల్లోని లప్పం గట్టిపడి బీటలు తీస్తుంది. సన్నటి గీతలోంచి దిగిన నీరు గోడ లోపల నెలల తరబడి కర్రను నానబెడుతుంది. పైన పటారం, లోన లొటారం అన్న మాట వీటికి అచ్చంగా సరిపోతుంది. రంగు మెరుస్తూనే ఉంటుంది, మూల కర్ర మాత్రం వేలితో నొక్కితే పొడిగా రాలుతుంది.

అందుకే అనుభవజ్ఞులు ముందుగా చూసేది పరుపుల్ని కాదు. అలమరాల్లోపల కప్పు కలిసే మూలల్ని, కిటికీ కింది గోడను, మంచం కింద నేలను చూస్తారు. స్క్రూడ్రైవర్ మొనతో నేల అంచుల్లో గుచ్చుతారు. గట్టి ప్లైవుడ్ మొనను ఆపుతుంది, చివికినది లోపలికి తీసుకుంటుంది. మరక కనిపించిన చోటే నీరు దిగిందని అనుకోవడానికి లేదు. అది చట్రం వెంట జారి ఎక్కడో తేలుతుంది. దిగే చోటు పట్టుకోవడానికి ఒక చక్కటి ఉపాయం ఉంది. తలుపులు, రంధ్రాలు మూసి బ్లోయర్‌తో లోపలికి గాలి కొట్టి, బయట అతుకుల మీద సబ్బునీళ్లు చల్లుతారు. ఎక్కడ బుడగలు లేస్తే అక్కడే చిల్లు.

మరమ్మతు మొత్తం మూల పట్టీల దగ్గర ఉంటుంది. గోడ, కప్పు కలిసే చోట పొడవాటి అల్యూమినియం పట్టీ ఉంటుంది. దాని మధ్యలో ఉన్న ప్లాస్టిక్ నాడాను లాగేస్తే కింద వరసగా స్క్రూలు కనిపిస్తాయి. వాటి తుప్పే లోపలి కథ చెబుతుంది. స్క్రూలు తీసి, పట్టీ ఊడదీసి, పాత లప్పాన్ని ప్లాస్టిక్ పలకతో గీకి, మినరల్ స్పిరిట్‌తో తుడిచి, కొత్త బ్యూటైల్ టేపు పరుస్తారు. స్టీలు స్క్రూలు బిగిస్తుంటే టేపు అంచుల్లోంచి ఉబికి వస్తుంది. అలా ఉబకడమే అతుకు నిండిందనడానికి గుర్తు. ఉబికినదాన్ని కోసేస్తారు. ఇక్కడ సిలికాన్ పూయడానికి పాతకాపులు ఒప్పుకోరు. సిలికాన్ ఒకసారి అంటితే దాని మీద మరో సీలెంట్ పట్టదు, తర్వాతి మరమ్మతుకు దారి మూసుకుపోతుంది. చివికిన కర్రను మాత్రం టేపు కింద కప్పిపెట్టకూడదు. గట్టి కర్ర తగిలేదాకా కోసి, కొత్తది అతికి, ఆ తర్వాతే మూయాలి.

పూర్తిగా అల్యూమినియంతో కట్టిన బండికి చెమ్మ భయం లేదనుకుంటే పొరపాటు. ఎయిర్‌స్ట్రీముల్లో పై డొల్లకూ కింది ఉక్కు చట్రానికీ మధ్య ప్లైవుడ్ నేల ఇరికి ఉంటుంది. వెనక భాగంలో నీరు దిగి ఆ ప్లైవుడ్ చివికితే బోల్టులకు పట్టు పోతుంది, డొల్ల వెనకవైపు చట్రం నుంచి విడివడుతుంది. వెనక బంపరు మీద నిలబడి ఊగితే చట్రం ఒక్కటే కదిలి, డొల్ల కదలకుండా ఉంటే ఆ జబ్బు వచ్చినట్టే. అప్పుడు డొల్లను మొత్తంగా పైకెత్తి నేల మార్చేవాళ్లూ ఉన్నారు. ఇంత శ్రమకు కారణం ఒక అతుకును సకాలంలో చూసుకోకపోవడమే. మన పెంకుటిళ్లకు తొలకరికి ముందు ఏటా పెంకులు సర్దించుకున్నట్టే, ట్రైలర్ కప్పునూ ఏడాదికి రెండుసార్లు ఎక్కి చూసుకోవాలి.

నడిచేది, ఆగేది

నీరు ఆగాక చక్రాల వంతు. బేరింగులకు ఏడాదికోసారి, లేదా సుమారు 12,000 మైళ్లకోసారి గ్రీజు మార్చడం ఆనవాయితీ. చక్రం మధ్యలోని మూత తీసి, కాటర్ పిన్ లాగి, నట్టు విప్పితే బేరింగు చేతికొస్తుంది. పాత గ్రీజు కడిగి ఒక్కో రోలరును వెలుతురులో తిప్పి చూస్తారు. నీలిరంగు తిరిగితే వేడెక్కిందని అర్థం, గుంటలు పడితే పని అయిపోయిందని అర్థం. బాగుంటే అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు వెడల్పాటి అంచును దానికేసి ఒత్తుతారు. రోలర్ల సందుల్లోంచి కొత్త గ్రీజు పైకి తేలేదాకా, చుట్టూ తిప్పుకుంటూ ఒత్తుతూనే ఉంటారు. కొత్త సీలు వేసి, చక్రం తిప్పుతూ నట్టు బిగించి, మళ్లీ కాస్త వదులు చేస్తారు. ఆఖర్న కొత్త కాటర్ పిన్. ఎండిన బేరింగు హైవే మీద చక్రాన్నే ఊడదీయగలదు.

టైర్ల విషయంలో కళ్లు మోసం చేస్తాయి. ట్రైలర్ ఎక్కువ కాలం కదలకుండా నిలబడే ఉంటుంది కాబట్టి టైరు అరగకుండానే ముసలిదవుతుంది. టైరు పక్కన చెక్కిన కోడ్‌లో చివరి నాలుగంకెలు చూడాలి. 2319 అంటే 2019లో ఇరవైమూడో వారం తయారైందని. గాడులు ఎంత లోతుగా ఉన్నా ఐదారేళ్లు దాటితే మార్చడమే క్షేమం. ఎలక్ట్రిక్ బ్రేకులుంటే డ్రమ్ములోని అయస్కాంతం అరుగుదల చూడాలి. ట్రైలర్ తెగిపోతే దానంతటదే బ్రేకు పడేలా చేసే తీగ మీటను లాగి పరీక్షించాలి. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడేలా సామాను సర్దాలి. అంతకు తగ్గితే వేగంలో బండి తోక ఊపడం మొదలుపెడుతుంది.

గ్యాసు, కరెంటు

ప్రొపేన్ గాలికన్నా బరువు, కారితే నేల మీద పేరుకుంటుంది. అందుకే గ్యాసును పసిగట్టే పరికరాన్ని నేలకు దగ్గరగా బిగిస్తారు. దానికీ గడువుంది, తేదీ చూసి మార్చాలి. పాత రబ్బరు గొట్టాలు, రెగ్యులేటరు సందేహం ఉంటే చాలు తీసేయాలి. ప్రతి కీలు దగ్గరా సబ్బునీటి పరీక్ష తప్పనిసరి.

కరెంటు దగ్గర చాలామంది సోలార్ పలకలతో మొదలుపెడతారు. తెలివైన వరస దానికి తలకిందులుగా ఉంటుంది. ముందు ఖర్చు తగ్గించాలి. పాత 12 వోల్టుల బల్బు ఒకటి సుమారు 18 వాట్లు తింటుంది. అదే వెలుతురు ఎల్ఈడీ రెండు, మూడు వాట్లతో ఇస్తుంది. తర్వాత, బయటి కరెంటును 12 వోల్టులకు మార్చి బ్యాటరీని నింపే పాత కన్వర్టరు. దానికి బ్యాటరీ నిండిందో లేదో తెలియదు, ఒకే తీరున కరెంటు తోస్తూ బ్యాటరీలోని నీటిని ఆవిరి చేస్తుంది. దశలవారీగా చార్జ్ చేసే కొత్తది పెట్టాలి. సీసం బ్యాటరీని సగం కన్నా కిందకు వాడకూడదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ దాదాపు పూర్తిగా వాడుకోనిస్తుంది, బరువూ తక్కువ. ఇవన్నీ కుదిరాక ఎంత సోలార్ కావాలో లెక్క వేస్తే, ముందు అనుకున్నదానికన్నా చిన్న పలకే సరిపోతుంది.

సోకుకు హద్దు

రంగులు, పరుపులు, అల్యూమినియం మెరుగు ఆఖరివి. లోపలి బర్చ్ ప్లైవుడ్‌కు లక్క పూత పూసి పాత తేనెరంగు తెప్పించేవాళ్లూ ఉన్నారు, గోడలన్నీ తెల్లగా మార్చేవాళ్లూ ఉన్నారు. రెండూ వాళ్ల ఇష్టమే. పాటించాల్సినవి మాత్రం రెండున్నాయి. బరువు పెంచకూడదు, ఎందుకంటే ఇరుసు, చట్రం పాత లెక్కలకే కట్టినవి. ఊడదీసిన ప్రతి ముక్కనూ కొత్తది బిగించేదాకా దాచాలి, దాన్ని మించిన కొలత మరొకటి లేదు.

ఈ సంప్రదాయం విలువ నాకు ఇక్కడే కనిపిస్తుంది. పాత ట్రైలర్లలో ఎక్కువవాటిని స్క్రూలతో, రివెట్లతో కట్టారు కాబట్టి మామూలు మనిషి విప్పగలడు, చూడగలడు, మార్చగలడు. కొత్తవాటిలో ఎన్నింటికో గోడలు జిగురుతో పొరలుగా అతికినవే. నీరు దిగితే పొరలు విడిపోయి ఉబ్బుతాయి, సొంతదారుడు చేయగలిగింది తక్కువ. తన చేత్తో బాగుచేసుకోగలిగిన ఇల్లు ఒక కుటుంబానికి ధైర్యాన్నిస్తుంది, పిల్లలకు పనితనం నేర్పుతుంది. ఖర్చు మాత్రం ప్రతిసారీ కలిసిరాదు. చట్రం పగిలి, నేల కూడా పోయిన బండిని ఎంత ముద్దొచ్చినా వదిలేయడమే మంచిది.

అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలు జాతీయ పార్కులకు అద్దె బండ్లలో వెళ్లడం మామూలైపోయింది. సొంతంగా పాతదొకటి కొనాలనిపిస్తే, వాన కురిసిన మర్నాడు చూడ్డానికి వెళ్లండి. టార్చి, స్క్రూడ్రైవర్ వెంట తీసుకెళ్లండి. కర్టెన్లను మెచ్చుకునే ముందు మంచం కింద మూలల్లో గుచ్చి చూడండి. అక్కడ నేల గట్టిగా ఉంటే మిగతావన్నీ మెల్లగా నేర్చుకుని చేసుకోవచ్చు.