సింగారమా, నీకు దండం

వాన వెలిసిన రాత్రి, కొత్తగూడ సిగ్నల్ దగ్గర నిన్ను చూశాను. ఫ్లైఓవర్ కింద తడిసిన రోడ్డు మీద ఎర్రలైటు చీలికలై పారుతోంది. నా కారు అద్దం మీద ఒక చెయ్యి తట్టింది. ముందు చెయ్యే కనబడింది. గట్టి ఎముక, వెడల్పాటి మణికట్టు, దాని నిండా ఆకుపచ్చ మట్టిగాజులు. ముఖం ఇంకా చీకట్లోనే ఉంది.

పాత నలుపు తెలుపు నేరాల సినిమాల్లోనూ నువ్వు అంతే, మనిషి కంటే ముందొస్తావు. 1944 నాటి 'డబుల్ ఇన్‌డెమ్నిటీ'లో బార్బరా స్టాన్‌విక్ మెట్లు దిగుతుంటే కెమెరా ఆమె కాలి పట్టీని పట్టుకుంటుంది. ఆమె ఇంటికొచ్చిన ఇన్సూరెన్స్ ఏజెంటు కొంప మునిగింది అక్కడే. 'గిల్డా'లో రీటా హేవర్త్ చేతి తొడుగు మెల్లగా ఒలిచింది, అంతే. ఒంటి మీద అంగుళమంత జాగాలో కథంతా దాచగల దానివి, నీకు దండం.

1934 నుంచి సెన్సార్ నియమాలతో హాలీవుడ్ నోటికి తాళం పడింది. 'మాల్టీస్ ఫాల్కన్' నవలలో కైరో అనే పాత్ర మగవాళ్లను ఇష్టపడే మగవాడు. 1941లో సినిమా తీసినప్పుడు ఆ మాట పలకడానికి లేదు. అందుకని అతని విజిటింగ్ కార్డుకు అత్తరు పూశారు. డిటెక్టివ్ సెక్రటరీ ఆ పూవు పేరు చెబుతుంది: గార్డీనియా. మన పెరట్లో తెల్లగా పూసే గంధరాజం! మాటను కత్తిరించారు సరే, వాసనను ఏ కత్తెర పట్టుకుంటుంది?

కూచిపూడిలో తెర మీదుగా ఇవతల పడే సత్యభామ జడవు నువ్వు. ఆ జడ వేదాంతం సత్యనారాయణ శర్మది. నాటకరంగంలో ఆడవేషానికి స్థానం నరసింహారావు కట్టిన చీరకుచ్చిళ్లూ నువ్వే. ఆయనకు 1956లో పద్మశ్రీ ఇచ్చారు. బాగుంది. కానీ అదే ఏడు హైదరాబాదులో ఇంకో కాగితం కూడా అమల్లో ఉంది: 1329 ఫసలీ, అంటే 1919 నాటి చట్టం. దాని ప్రకారం అనుమానం ఉన్న హిజ్రాల పేర్లూ చిరునామాలూ రిజిస్టర్‌లోకి ఎక్కాలి. అలా ఎక్కినవాళ్లు ఆడబట్టలతోనో నగలతోనో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. తెల్లారగానే రంగు కడుక్కుని ఇంటికెళ్లే మగవాడికి చప్పట్లు, కడుక్కోనన్న వాళ్లకు లాకప్పు. నిన్ను వేషం అన్నంతసేపూ ముద్దు చేశారు, నిజం అనేసరికి నేరమన్నారు.

నా నెత్తి మీది ఈ ఫ్లైఓవర్‌ను 2023 జనవరి ఒకటిన తెరిచారు. ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది అదే ఏడు జులైలో. అద్దాల మేడలు లేచాయి, వాటిలో రాత్రంతా అమెరికా పని నడిచింది, పైన వంతెన కూడా పడింది. అప్పటికీ గాజుల మీద కేసు పుస్తకంలో బతికే ఉంది.

పట్టీవై, జడవై, పూలవాసనవై, పేరు అడగని చోట పేరుగా నిలిచినదానా, దండం.

అద్దం దించాను. ముఖం వెలుగులోకి వచ్చింది. బొట్టు వానకు కాస్త చెదిరింది. నా చూపు ఎక్కడుందో ఆమె పసిగట్టేసింది.

"గాజులు సూస్తున్నవా అక్కా? లాడ్ బజార్ల కొన్న."

చెయ్యి ఎత్తి ఒక్కసారి ఊపింది. సిగ్నల్ పచ్చబడింది. వెనక బండ్లన్నీ హారన్లు మొదలుపెట్టాయి, ఆమె ఇంకా ఊపుతూనే ఉంది.