తక్కెడ మీద జాకీ

పందెంలో పరుగెత్తేది గుర్రమే కదా, జాకీ ఊరక కూర్చుంటాడు అనుకొనేవారు లోరా హిలెన్‌బ్రాండ్ వ్రాసిన ‘సీబిస్కట్’ను చదవవలెను. 2001లో వెలువడిన ఈ ఆంగ్ల గ్రంథం 1930ల నాటి ఒక అమెరికన్ పందెపు గుర్రం చరిత్ర. 1938 నవంబరు 1న పిమ్లికోలో సీబిస్కట్ వార్ అడ్మిరల్‌ను ఓడించిన ఘట్టం చక్కగా ఉన్నది. జాకీలు బరువు తగ్గడానికి ఆకలితో మాడే ఘట్టం అంతకంటె బాగున్నది. నా పేచీ మాత్రం దానితోనే.

నిజానికి జాకీ కూర్చోడు. రికాబులపై మోకాళ్లు వంచి, వీపును నేలకు సమాంతరంగా ఉంచి నిలుచుంటాడు. గుర్రం ప్రతి అంగలోను ఊగుతూ ఉన్నా అతని శరీరం ఇంచుమించు నిలకడగా సాగిపోతుంది. ఈ భంగిమ వల్ల గుర్రానికి శ్రమ తగ్గుతుందని 2009లో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు కొలిచి చూపారు. ఆ శ్రమ జాకీ తొడల మీద పడుతుంది. పందెంలో అతని గుండె గరిష్ఠ వేగానికి దగ్గరగా కొట్టుకుంటుంది. ఇంత పని చేసేవాడికి తిండి కావాలి. కాని తక్కెడ ఒప్పుకోదు. పిమ్లికోలో ఒక్కొక్క గుర్రానికి నిర్ణయించిన బరువు, జీనుతో సహా, 120 పౌన్లు. అనగా సుమారు 54 కిలోలు. సీబిస్కట్‌ను అంతకు ముందు నడిపిన రెడ్ పొలార్డ్ ఎత్తేమో 5 అడుగుల 7 అంగుళాలు!

రబ్బరు దుస్తులు తొడుక్కొని ఎండలో పరుగెత్తడం, ఆవిరి పెట్టెలలో కూర్చోవడం, పులుస్తున్న గుర్రపు లద్దె గుట్టలో మెడవరకు కూరుకొని పోవడం - ఇవన్నీ రచయిత్రి కళ్లకు కట్టినట్లు చెప్పింది. చదివేవారు అయ్యో అంటారు, ఔరా అని కూడా అంటారు. ఆ ‘ఔరా’ నాకు నచ్చలేదు. కిలో కొవ్వులో దాదాపు 7,700 కాలరీలు ఉంటాయి. రోజుకు 2,000 కాలరీలు ఖర్చుచేసే మనిషి పూర్తిగా పస్తు పడుకున్నా ఒక రోజులో పావుకిలో కొవ్వు కరుగుతుంది, అంతే. రాత్రికి రాత్రి పోయిన రెండు కిలోలు చాలావరకు నీరే. ఆ నీటిలో కొంత నెత్తురులోనిది. నెత్తురు తగ్గితే గుండె మరింత తొందరగా కొట్టుకోవలసి వస్తుంది. చెమటతో ఉప్పు కూడా పోతుంది. అంటే జాకీ పోగొట్టుకున్నది అనవసరమైన బరువు కాదు, ఆనాటి పందానికి కావలసిన సత్తువ. ఈ లెక్కకు గ్రంథంలో ఒక పుట కేటాయించి ఉంటే ఆ సాహసం మరొక రంగులో కనిపించేది.

పిమ్లికోలో, కాలు విరిగి మంచం పట్టిన పొలార్డ్‌కు బదులుగా, సీబిస్కట్‌ను గెలిపించిన జార్జ్ వుల్ఫ్ మధుమేహ రోగి. ఇన్సులిన్ 1922 నుంచి వాడుకలోకి వచ్చింది గాని, నెత్తురులోని చక్కెరను ఇంటివద్దనే చూసుకొనే పరికరాలు అప్పటికి లేవు. ఇన్సులిన్ తీసుకొన్నవాడు చాలినంత తినకపోతే చక్కెర పడిపోయి తల తిరుగుతుంది, స్పృహ తప్పవచ్చు. 1946 జనవరి 3న శాంటా అనీటా మైదానంలో వుల్ఫ్ గుర్రం మీదినుంచి పడిపోయాడు, మరునాడు చనిపోయాడు. సొమ్మసిల్లి పడ్డాడని చాలామంది నమ్మారు.

రచయిత్రి అతని జబ్బు సంగతి దాచలేదు. అయితే ఆ మరణం గ్రంథం చివర ఒక విషాద స్మరణగా వస్తుంది. లద్దె గుట్టలు, ఆవిరి పెట్టెలు ఎక్కడో వెనుక ఉండిపోయాయి. పాఠకులు ఆకలి ఘట్టం ముగియగానే ఆ చివరి పుటలు తెరచి, రెండూ కలిపి చదువుకొనవలెను.