పిలుపు ఎటునుంచి వస్తుంది?

మా చెల్లెలి కొడుకు నర్సింగ్ పూర్తిచేశాడు. ఒడిశా కొండల్లో ఉన్న ఒక మిషన్ ఆస్పత్రి, రెండేళ్లు సేవ చేయడానికి రమ్మని వాడికి ఉత్తరం రాసింది. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను మైపాడు ఒడ్డుకు తీసుకెళ్లాడు. కాసేపు అలల్ని చూసి, ‘‘పెద్దమ్మా, ఇది దేవుడి చిత్తమో, నా మనసులో కోరికో ఎట్టా తెలిసేది?’’ అన్నాడు.

నేనూ ఇరవై మూడేళ్ల వయసులో అదే అడిగాను. వేరే రాష్ట్రంలో ఒక మిషన్ బడికి టీచరు కావాలన్నారు. గిద్యోనులాగా గుర్తు మీద గుర్తు అడుగుతూ కూర్చున్నాను. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నాకొచ్చిన వాగ్దాన కార్డును బైబిల్లో దాచుకుని, నెలల తరబడి తీసి తీసి చదువుకున్నాను. ఇంకొంచెం తేటగా చెప్పు ప్రభువా అంటూ ఉండగానే ఆ చోటికి మరొకరు వెళ్లిపోయారు. చాలాకాలం దాన్ని ఓర్పు అనుకున్నాను. అది భయం. మోకాళ్ల మీద ఉన్నంత మాత్రాన భయం విశ్వాసం అయిపోదు.

అందుకే వాడికి మన సీమ సంగతే చెప్పాను. శామ్యూల్ డే 1840లో నెల్లూరులో మొదలుపెట్టిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఏళ్ల తరబడి కష్టపడినా విశ్వాసులు కొద్దిమందే అయ్యారు. ఇక మూసేద్దామా అని 1853లో అమెరికాలో చర్చ జరిగింది. ఆ మరుసటి నెలల్లోనే, 1854 జనవరి 1న వేకువన, లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కారు. ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. వాళ్లు అడిగిన ఆ సేవకుడు, జాన్ క్లౌ, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. నడుమ పన్నెండేళ్లు! జూయెట్ ఆ కొండ మీదే కూర్చుండిపోలేదు. దిగి వచ్చి నెల్లూరులో తన పని తాను చేసుకున్నారు. అడగడం కొండ మీద, నమ్మడం కొండ కింద.

ఇంకొకరి సంగతి నా గుండెకు మరీ దగ్గర. 1860 నవంబరులో మద్రాసు నుంచి వెళ్లిన ట్రురో ఓడ డర్బన్ చేరింది మొదలు, 1911 దాకా మనవాళ్లు ఎందరో ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకు పోయారు. వాళ్లలోని బాప్టిస్టు విశ్వాసులు తమ భాషలో వాక్యం చెప్పే కాపరి కావాలన్నారు. తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషన్ సొసైటీ 1903లో జాన్ రంగయ్య గారిని పంపింది. ఆ ఏడాది డిసెంబరులోనే అక్కడి కేర్స్‌నీ తోటల్లో తెలుగు సంఘం ఏర్పడింది. ఆయన 1915లో కన్నుమూసేదాకా ఆ తోటల వాళ్లతోనే ఉన్నారు. సముద్రం అవతల కూలివాళ్ల ఆకలి ఆయనకు పిలుపు మోసుకొచ్చింది.

‘‘చూడు అబ్బయా,’’ అన్నాను, ‘‘రోగి అక్కడున్నాడు, విద్య నీ చేతుల్లో ఉంది, పిలిచినవాళ్లు పేరు పెట్టి పిలిచారు. ప్రార్థన చెయ్. మీ అమ్మనూ, మన సంఘ కాపరి అయ్యగారినీ అడుగు. జీతమెంత, ఉండేదెక్కడ, రాత్రి డ్యూటీలో తోడెవరు అని ఆస్పత్రినీ అడుగు. అడగడం అవిశ్వాసం కాదు. అడిగాక మాత్రం అడుగు వెయ్. రెండేళ్ల తర్వాతేమిటో దేవుడు చూసుకుంటాడు.’’

‘‘తప్పయితే?’’

‘‘తిప్పి తెస్తాడు. ఆయన చిత్తం మన చెయ్యి జారితే పగిలిపోయే గాజు గిన్నె కాదు.’’

ఆ మాట అనుభవంతోనే అన్నాను. నేను జారవిడుచుకున్న బడి తర్వాత దేవుడు ముప్పై ఏళ్లు నాచేత మా వీధి పిల్లలకు సండే స్కూలు చెప్పించాడు. అయినా ఆ మొదటి బడి గుర్తొస్తే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. ఆ నొప్పి వాడికి వద్దు.

సోమవారం వేకువన ముగ్గురం మోకరించాం. మా చెల్లెలు కళ్లనీళ్లతోనే ఆమేన్ అంది. టీ తాగాక వాడు ఆస్పత్రికి జవాబు రాయడానికి కూర్చున్నాడు. ముందుగా రాసిన ప్రశ్న, అక్కడ ఒడియా నేర్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని.