ఎవరి కోసం కాపలా?

హైదరాబాద్ శివారు తుర్కయంజాల్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా చాలా గుళ్ళలో ఉత్సవమూర్తి వెనక ఇత్తడి మకరతోరణం కనిపిస్తుంది. దండం పెట్టుకునే తొందరలో దాన్ని పరకాయించి చూసేవాళ్ళు తక్కువ. మకరానికి మొసలి దవడ, ఏనుగు తొండం, చేప ఒళ్ళు. తోక మాత్రం తీగలా మెలికలు తిరిగి అలంకారంలో కలిసిపోతుంది. అటొకటి ఇటొకటి తెరిచిన నోళ్ళలోంచి తోరణం పుట్టి, వంపు తిరిగి, పైన కీర్తిముఖం దగ్గర కలుస్తుంది. ఆకలికి తన ఒళ్ళు తానే తినేసి ముఖం మాత్రమే మిగిలిన భూతానికి శివుడు గుమ్మం మీద చోటిచ్చాడని, అదే ఈ కీర్తిముఖమని పురాణగాథ. ఎవరూ చూడని జంతువును అందరూ చూసిన అవయవాలతో కూర్చడమే మకరంలోని పనితనం. చైనా చిత్రకారుడిదీ ఇదే పద్ధతి: జింక కొమ్ములు, పాము మెడ, చేప పొలుసులు, గద్ద గోళ్ళు కలిపి డ్రాగన్‌ను గీశాడు. యూరప్‌వాళ్ళు పాము తోకకు గబ్బిలం రెక్కలు తొడిగి నోట నిప్పు పెట్టారు.

పడమటివాళ్ళు డ్రాగన్‌ను చంపుతారు, తూర్పువాళ్ళు కొలుస్తారు అని తేల్చేయడం మామూలే. ఆ మాట సగమే నిజం. ఇంగ్లండ్ ప్రాచీన కావ్యం ‘బేవుల్ఫ్’లో డ్రాగన్ నిధిని చుట్టుకుని పడుకుంటుంది, ఒక్క పాత్ర దొంగిలించినందుకు ఊళ్ళు తగలబెడుతుంది. మన అమరావతి శిల్పాల్లో రామగ్రామ స్తూపాన్ని పడగలు విప్పిన నాగులు చుట్టుకుని ఉంటాయి. అందులోని బుద్ధుడి శరీర ధాతువుల కోసం వచ్చిన అశోకుడు ఆ నాగుల భక్తిని చూసి ధాతువులను ముట్టకుండానే వెనుదిరిగాడని బౌద్ధ గాథ. రెండుచోట్లా చుట్టుకోవడం ఒకటే, కాపలా ఒకటే. అక్కడ ఎవరికీ దక్కని బంగారం, ఇక్కడ అందరూ మొక్కే ధాతువు. దాచుకున్న ప్రాణి శత్రువైంది, కాపాడిన ప్రాణి దైవమైంది. రూపం కన్నా అది చేసే పనిని బట్టే మనుషులు తీర్పు చెప్పారు.

మన దగ్గరా ఇంద్రుడు సర్పరూపుడైన వృత్రుణ్ణి చంపలేదా అని అడగవచ్చు. చంపాడు, వృత్రుడు నీళ్ళను బంధించాడు కాబట్టే. యమున మడుగును విషం చేసిన కాళియుణ్ణి కృష్ణుడు ప్రాణాలతో వదిలి సముద్రానికి పంపాడు. వాన కురిపిస్తుందని నమ్మిన డ్రాగన్‌ను చైనావాళ్ళు కొలిచారు. అటు యూరప్‌లోనే వేల్స్ ప్రజలు ఎర్ర డ్రాగన్‌ను జెండా మీద నిలుపుకున్నారు, అది తమ పక్షాన నిలిచిందని నమ్మారు కనుక. ఇక మకరం, నాగం, డ్రాగన్ ఒక జాతివి కావన్న అభ్యంతరం సరైనదే. వాటి పుట్టుకలు వేరు. నేను పోలుస్తున్నది పుట్టుకను కాదు, ఆయా సమాజాలు వాటికి అప్పగించిన బాధ్యతను.

అందుకే ఇలాంటి శిల్పాన్ని దాని చోటు నుంచి విడదీసి చూస్తే అర్థం సగం పోతుంది. తుర్కయంజాల్ మీదుగా సాగర్ రోడ్డు పట్టుకుని నాగార్జునకొండ మ్యూజియానికి వెళ్ళేవాళ్ళు ప్రతి విచిత్ర ప్రాణి ముందూ రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఇది ఏ గుమ్మాన్ని, ఏ స్తూపాన్ని కాసింది? ఎవరి కోసం కాసింది? క్రూరమైన బలాన్ని కూడా నలుగురి మేలుకు కాపలా పెట్టవచ్చన్న నమ్మకాన్ని మన శిల్పులు రాతిలో, ఇత్తడిలో నిలిపారు. ఆ నమ్మకం అలంకారం కన్నా విలువైనది.