అడుగులో ఉన్న విద్య తాయ్‌చీ

1954 జనవరి 17న మకావులో ఒక పోటీ జరిగింది. హాంకాంగ్ అగ్నిప్రమాద బాధితుల సహాయార్థం ఏర్పాటు చేసిన ముష్టియుద్ధం అది. ఒక పక్క యాభై దాటిన వూ గోంగ్‌యీ, తాయ్‌చీలో వూ శైలికి పెద్దదిక్కు. ఎదురుగా ఆయనకంటే బాగా చిన్నవాడైన చాన్ హాక్‌ఫూ, తెల్ల కొంగ శైలిలో ఆరితేరినవాడు. రెండో రౌండ్‌లోనే నిర్ణేతలు పోటీ ఆపేశారు. ఎవరూ గెలిచినట్టు ప్రకటించలేదు. ఆనాటి ఫిల్ము ఇప్పటికీ ఉంది. పార్కుల్లో పెద్దవాళ్ళు చేసే తాయ్‌చీ అందులో వెతికినా కనబడదు. ఇద్దరూ చేతులు విసురుతూ, మీదమీదకు వెళ్తూ, దొరికినచోట గుద్దుతూ ఉంటారు. చూసినవారికి సహజంగానే సందేహం వస్తుంది: కొట్లాట ఇలా ఉండేటప్పుడు, సాధన అంత నింపాదిగా ఎందుకు?

సమాధానం కోసం చైనాలో హెనాన్ రాష్ట్రంలోని చెన్‌జియాగౌ అనే పల్లెకు వెళ్ళాలి. వూడాంగ్ కొండల మీద జాంగ్ సాన్‌ఫెంగ్ అనే తావో సన్యాసి కొంగా పామూ పోట్లాడుకోవడం చూసి తాయ్‌చీని కనిపెట్టాడని కథ. కథ బాగుంది, ఆధారమే లేదు. 1930ల్లో తాంగ్ హావో అనే చరిత్రకారుడు ఆ పల్లెకు పోయి, వంశావళులూ పాత రాతలూ తిరగేసి, ఈ విద్యకు మూలపురుషుడు 17వ శతాబ్దపు సైనికుడు చెన్ వాంగ్‌టింగ్ అని తేల్చాడు. తరాలపాటు అది చెన్ వంశం వారి సొత్తు. బయటివాడైన యాంగ్ లూచాన్ (1799–1872) అక్కడే చెన్ చాంగ్‌షింగ్ దగ్గర నేర్చుకుని, బీజింగ్ చేరి మంచూ ప్రభువుల ఇళ్ళలో నేర్పాడు. ఆయన మనవడు యాంగ్ చెంగ్‌ఫూ ఎగురుళ్ళూ కాలి తొక్కుళ్ళూ తగ్గించి, కదలికల్ని విశాలంగా, ఒకే వేగానికి తెచ్చాడు. ఇవాళ ప్రపంచమంతటా కనిపించే తాయ్‌చీ చాలావరకు ఆయన దిద్దినదే. 1956లో చైనా క్రీడా సంఘం దాన్నే 24 భంగిమలకు కుదించింది. అయిదారు నిమిషాల్లో అయిపోతుంది.

కొత్తగా చేరినవారి చూపంతా చేతుల మీదే ఉంటుంది. మేఘ హస్తాలు, ఒంటి కొరడా, పిచ్చుక తోక పట్టడం వంటి పేర్లు కూడా అలాగే ఊరిస్తాయి. అసలు పని మాత్రం కింద జరుగుతుంది.

మామూలు నడకలో ఒంటిని ముందుకు తోసి, అది పడబోయేలోగా కాలు చాపి ఆపుకుంటాం. పాదం నేలను తాకేసరికే బరువు దాని మీదకు వచ్చేసి ఉంటుంది. అక్కడ తడి ఉన్నా, గులకరాయి ఉన్నా కాలు వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు. తాయ్‌చీ అడుగు దీనికి పూర్తిగా ఎదురు. ముందు బరువంతా ఒక కాలి మీద నిలబెడతారు. రెండో కాలు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ కాలు తేలిగ్గా లేచి, ముందుకు సాగి, మడమను నేలకు ఆనిస్తుంది. ఆనించడమే, బరువు మోపడం ఉండదు. మడమ కింద కాగితం ఉంటే చిరక్కుండా లాగేయవచ్చు. ఆ తర్వాత అరికాలు, వేళ్ళు నేల మీద పరుచుకుంటాయి. అప్పుడు గాని వెనక కాలి నుంచి బరువు ముందుకు రాదు. వచ్చేటప్పుడు కూడా మోకాలు కాలివేళ్ళు దాటకూడదు, వేళ్ళు చూసే దిక్కునే చూడాలి. ఇంత తతంగమూ ఒక్క అడుగుకే.

పోట్లాటలో దీని లాభం సూటిగా ఉంటుంది. ఎదుటివాడు కాలు ఊడ్చినా ఎగిరేది ఖాళీ కాలు, మనిషి పడడు. రెండు కాళ్ళ మీదా సమానంగా బరువు వేసుకుని నిలబడినవాణ్ణి పక్కకు తోస్తే మాత్రం చప్పున తిరగలేక తూలుతాడు. తాయ్‌చీ గురువులు ‘జంట బరువు’ అని పట్టే పెద్ద తప్పు ఇదే. ఇక నింపాది ఎందుకంటే, వేగం తప్పుల్ని కప్పేస్తుంది. ఊపులో బరువు ఎప్పుడు మారిందో ఒంటికే తెలియదు. మెల్లగా చేస్తే ఎక్కడ వణికామో, ఎక్కడ ఒరిగామో మనకే తెలిసిపోతుంది.

చెన్ శైలిలో పట్టు తీత అనే సాధన ఉంది. హిందూపురం వైపు పట్టు గూళ్ళ నుంచి దారం తీసేవాళ్ళను చూసినవారికి ఇది ఇట్టే అర్థమవుతుంది: పోగును గుంజితే తెగుతుంది, వదిలితే చిక్కుపడుతుంది, ఒకే ఒడుపున లాగాలి. ఇక్కడ ఆ పోగు ఒంట్లోనే నడుస్తుంది. పాదం నేలను నొక్కుతుంది, తుంటి తిరుగుతుంది, నడుము ఆ తిరుగుడును భుజానికి, మోచేతికి, అరచేతికి మెలితిప్పుతూ పంపుతుంది. చేయి తనంతట తాను కదలడానికి వీల్లేదు. భుజాలు దిగాలి, మోచేతులు వేలాడాలి, నడినెత్తి పైకి తేలుతున్నట్టు ఉండాలి.

ఇది ఒంటపట్టిందో లేదో తేల్చే పరీక్ష ‘తుయ్‌షౌ’. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ముంజేతులు ఆనించుకుంటారు. ఒకరు తోస్తారు. రెండోవారు అడ్డం పెట్టరు, అలాగని వదిలేయరు. ముంజేతిలో గాలి నింపిన బంతిలాంటి బిగువు ఉంచుతారు, దాని పేరు పెంగ్. నడుము తిప్పి ఆ తోపును పక్కకు జార్చడం లూ. తోసినవాడు కాస్త తూలాడా, నొక్కడం జీ, తోసేయడం ఆన్. కొత్తవాళ్ళకు ముందు భుజం బిగుసుకుంటుంది. ఆ బిగువే ఎదుటివాడికి పిడి అవుతుంది, దాన్ని పట్టుకుని మొత్తం మనిషిని కదిలించేస్తాడు.

తాయ్‌చీకి మరో ఇద్దరు తోబుట్టువులున్నారు. షింగ్‌యీకి పునాది అయిదు గుద్దులు, అన్నీ ఎదుటివాడి మీదకు నేరుగా దూసుకెళ్ళేవే. బాగువాలో సాధకుడు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాడు, ఎదురు నిలవకుండా పక్కకు తప్పుకుని వెనక చేరడం దాని ఎత్తు. ఈ మూడింటినీ నేర్చిన సున్ లూటాంగ్ (1860–1933) వాటిని కలిపి తనదైన తాయ్‌చీ శైలి తెచ్చాడు. అడుగులు చిన్నవి, నిలుపు ఎత్తు. అందుకే ఇవాళ కీళ్ళ నొప్పుల వాళ్ళకు నేర్పే తరగతుల్లో ఈ శైలికి గిరాకీ.

ఇక లోశక్తి సంగతి. ‘చీ’ బలంతో తాకకుండానే మనిషిని పడేస్తామనే వాళ్ళ ప్రదర్శనల్లో పడేవాళ్ళు వాళ్ళ శిష్యులే. 2017లో చెంగ్డూలో ఎంఎంఎ (మిశ్రమ యుద్ధకళల) ఆటగాడు షూ షియావోడోంగ్ ఒక తాయ్‌చీ గురువును కొద్ది సెకన్లలో నేలకూల్చాడు. చైనాలో పెద్ద రచ్చ అయింది. ఎదురుదెబ్బ తినే సాధన లేకుండా ఎన్నేళ్ళు భంగిమలు దిద్దినా పోట్లాట రాదు. ఈ మాట కొందరు గురువులకు రుచించదు గాని, దీనివల్ల తాయ్‌చీ విలువ వీసమెత్తు తగ్గదు.

ఆ విలువను కొలిచినవాళ్ళున్నారు. అమెరికాలో ఫుజోంగ్ లీ బృందం 2012లో 195 మంది పార్కిన్సన్ రోగుల మీద అధ్యయనం చేస్తే, ఒళ్ళు సాగదీసే కసరత్తుల కంటే, బరువుల కసరత్తుల కంటే తాయ్‌చీతోనే నిలకడ బాగా మెరుగుపడింది. అదే బృందం 2018లో డెబ్భై దాటి, పడిపోయే ప్రమాదమున్న 670 మందిని తీసుకుంది. వారానికి రెండుసార్లు, 24 వారాలు తాయ్‌చీ చేసినవాళ్ళు, సాగదీత కసరత్తులు చేసినవాళ్ళ కంటే 58 శాతం తక్కువగా పడ్డారు. శత్రువు కాలు ఊడ్చినా పడకుండా చేసిన ఆ ఖాళీ అడుగే బాత్‌రూం తడి మీద ముసలివాళ్ళను నిలబెట్టిందనడం తప్పు కాదు. మోకాలి కీళ్ళ అరుగుదల ఉన్న 204 మందిపై 2016లో వచ్చిన మరో అధ్యయనంలో, 12 వారాల తాయ్‌చీ ఫిజియోథెరపీకి దీటుగా నొప్పి తగ్గించింది. మన ఇళ్ళలో యాభై దాటినవారిలో మోకాళ్ళ గురించి మూలగనివారు ఎందరు?

నేర్చుకోవాలనుకునేవారు గురువు పట్టు బట్టలూ కత్తి విన్యాసమూ చూసి మురిసిపోకండి. మొదటి తరగతిలో మీ మోకాలు ఎటు చూస్తోందో గమనించి సరిచేస్తున్నాడా, నెలలు గడిచాకైనా తుయ్‌షౌ చేయిస్తాడా అని చూడండి. నొప్పి ఉంటే కిందికి కూర్చోకుండా ఎత్తుగానే నిలబడండి, డాక్టరుకు ఒక మాట చెప్పండి. వీడియో చూసి 24 భంగిమలూ వారంలో వల్లించాలనుకోకండి. మొదటి నెలంతా అడుగు వేయడమే నేర్చుకున్నా నష్టం లేదు.