నిప్పు మధ్యలో, పటకారు ఆమె చేతిలో

హాన్ కాంగ్ 'ది వెజిటేరియన్' గురించి ఎవరు మాట్లాడినా కల గురించి మాట్లాడతారు, ఆమె చెట్టుగా మారాలనుకోవడం గురించి మాట్లాడతారు. 2024లో నోబెల్ వచ్చాక ఈ మాటలు మరీ ఎక్కువయ్యాయి. ఆ కలకి ముందు ఉదయం ఏం జరిగిందో మాత్రం ఎవరూ ఎత్తరు. భర్తకి ఆఫీసు టైమవుతోంది. యోంగ్ హై గడ్డకట్టిన మాంసం కోస్తోంది. ఇంకా ఎంతసేపని అతను విసుక్కుంటాడు. కంగారులో ఆమె వేలు తెగుతుంది, కత్తి అంచు విరుగుతుంది. వేలు నోట్లో పెట్టుకుని తన నెత్తురు తనే చప్పరిస్తుంది. విరిగిన ముక్క బుల్గోగీలో కలిసి అతని నోటికి తగులుతుంది. ఉమ్మేసి, మింగేసి ఉంటే ఏమయ్యేదని కేకలు వేస్తాడు.

బుల్గోగీ అంటే నిప్పు మీద వండిన మాంసం. కొరియన్ బార్బెక్యూ అని ఇవాళ లోకమంతా పిలిచే భోజనంలో ముఖ్యమైన వంటకం. ఈ నవల మొదటి భాగం ఎక్కువగా భర్త గొంతులోనే నడుస్తుంది కదా, దాన్ని నేను నిరాశపరిచిన భోజనాల చిట్టాగా చదువుతాను. ఫ్రిజ్‌లో మాంసం లేదు. పొద్దున గుడ్డు లేదు. బాస్ ఇచ్చిన విందులో పెళ్ళాం నలుగురి ముందూ మాంసం ముట్టక పరువు తీసింది. అతని ఫిర్యాదులన్నీ కంచం చుట్టూనే. భోజనం బాగాలేదని చెప్పే హక్కు ఎవరిది? వండే మనిషికి ఆ హక్కు ఎప్పుడైనా ఉందా? నవల అడిగే ప్రశ్న ఇదని నాకనిపిస్తుంది. చెట్టూ కలా తర్వాతి సంగతి.

ఆ భర్తే ఒకచోట పాత రోజులు గుర్తు చేసుకుంటాడు. ఒక చేతిలో పటకారు, ఇంకో చేతిలో పెద్ద కత్తెర పట్టుకుని ఆమె పక్కటెముకల మాంసాన్ని తిప్పుతూ, చకచకా ముక్కలు చేస్తూ ఉండేదట. ఆ నేర్పు అతనికి భలే ఇష్టం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో భార్యని అతను మనసారా మెచ్చుకున్న సందర్భాలు వెతికితే చేతికి దొరికేది ఇదొక్కటే. (నేను చదివింది డెబొరా స్మిత్ ఇంగ్లీషు అనువాదం. అందులో తప్పులున్నాయని కొరియన్ తెలిసినవాళ్ళు చాలా రాశారు. పటకారు, కత్తెర విషయంలో తప్పు జరిగే అవకాశం తక్కువే అనుకుంటాను.)

పటకారు, కత్తెర కొరియాలో ప్రతి బార్బెక్యూ హోటల్లో టేబుల్ మీద ఉంటాయి. టేబుల్ మధ్యలో నిప్పు, పైకప్పు నుంచి పొగ లాగే గొట్టం, చుట్టూ చిన్న చిన్న గిన్నెల్లో బాన్‌చాన్ అనే నంజుళ్ళు. పంది పొట్ట మాంసాన్ని సామ్‌గ్యోప్సల్ అంటారు, మూడు పొరల మాంసమని అర్థం. కాలిన ముక్కని లెట్యూస్ ఆకులో పెట్టి, సామ్‌జాంగ్ ముద్ద రాసి, వెల్లుల్లి రెబ్బ వేసి చుట్టి నోట్లో పెట్టుకోవాలి. కలిసి వండుకుని కలిసి తినే సమానత్వపు భోజనమని ట్రావెల్ పుస్తకాలు తెగ పొగుడుతాయి. విమల 'వంటిల్లు' కవిత చదివి పెరిగిన మనకి పొయ్యి వంటింట్లోంచి లేచి అందరి మధ్యకీ వచ్చిందంటే ఆశ కలగడం సహజం. నాకూ కలిగింది.

2019లో ఒక సెమినార్ కోసం సియోల్ వెళ్ళాను. మొదటిరోజు రాత్రి ఒక్కదాన్నే బార్బెక్యూ తినడానికి బయల్దేరాను. మొదటి హోటల్లో ఒక్కరే అని వేలు చూపించగానే తల అడ్డంగా ఊపారు. చాలాచోట్ల మాంసం కనీసం రెండు వంతులు చెప్పాలి, ఒక్క మనిషి కోసం నిప్పు రాజేస్తే వాళ్ళకి గిట్టదు. మగవాడికైనా ఇదే నియమం. కానీ రాత్రి తొమ్మిదింటికి ఒంటరి ఆడమనిషి మళ్ళీ వీధిలోకి నడవడం, మగవాడు నడవడం ఒకటేనా! రెండో హోటల్లో ఇద్దరి వంతూ నేనే చెప్పాను. మా అమ్మ వయసావిడ వచ్చి మాంసం పరిచింది. ఆరు టేబుళ్ళ మధ్య ఆవిడొక్కతే. ఒకచోట తిప్పి, ఇంకోచోట కత్తిరించి, మూడోచోట పెనం మార్చి నా దగ్గరికి వచ్చేసరికి ముక్కలు బూడిదరంగుకి తిరిగి తోలులా తయారయ్యాయి. డబ్బు ఇద్దరికి కట్టి సగం వదిలేశాను. చిరాకేసింది. ఆ చిరాకులో నేనూ యోంగ్ హై భర్త కూర్చున్న కుర్చీలోనే ఉన్నాను. కస్టమర్ కుర్చీకి జెండర్ ఉండదు.

ఆవిణ్ణి అన్ని టేబుళ్ళ వాళ్ళూ 'ఇమో' అని పిలుస్తున్నారు. ఇమో అంటే అమ్మ తోబుట్టువు, మన పిన్ని, పెద్దమ్మ. కొరియన్‌లో నాన్న తోబుట్టువుకి 'గోమో' అని వేరే మాట ఉంది. హోటల్లో పనిచేసే ఆవిణ్ణి గోమో అని ఎవరూ పిలవరు. అమ్మవైపు బంధువు దగ్గర చనువెక్కువ, అడక్కుండానే పెడుతుంది, నంజుడు అయిపోతే మళ్ళీ తెచ్చి పోస్తుంది, దానికి లెక్క కట్టదు. బాన్‌చాన్ ఎన్నిసార్లయినా ఉచితం. ఆ ఉచితం వెనక నడిచే కాళ్ళ జత ఒకటుందని ఆ పిలుపు మరిపిస్తుంది. మన ఇళ్ళల్లో పనిమనిషిని పిల్లల చేత ఆంటీ అని పిలిపించి సంస్కారం నేర్పామనుకుంటాం చూడండి, అలాంటిదే. వరస కలిపితే జీతం మాట ఎత్తడం మర్యాద కాకుండా పోతుంది.

సెమినార్ చివరిరోజు విందు కూడా బార్బెక్యూయే. మా టేబుల్లో అందరికన్నా చిన్నది ఒక ఎం.ఏ. విద్యార్థిని. కూర్చోగానే పటకారు ఆమె చేతికి వెళ్ళింది, ఎవరూ చెప్పలేదు. బాగా కాలిన ముక్కలు ముందు పెద్ద ప్రొఫెసర్ పళ్ళెంలోకి, తర్వాత వయసు వరసలో మాకు. ఆమె ముందున్న ఆకులు సెగకి వడిలిపోయాయి. నేను పటకారు తీసుకోబోతే నవ్వి ఇవ్వలేదు. ఇస్తే ఆమెకి మాట వస్తుందని తర్వాత అర్థమైంది. భోజనం సగంలో ఉండగా ఆ ప్రొఫెసర్, క్రితంసారి మాంసం ఇంకా బాగుంది అన్నాడు. అతను పాపం హోటల్నే అన్నాడు. ఆమె మాత్రం చటుక్కున మంట తగ్గించింది.

మగవాళ్ళు కాల్చరా అంటే కాలుస్తారు. కుర్రవాళ్ళు సీనియర్లకి కాల్చిపెట్టడమూ ఉంది, వయసు పెత్తనం అక్కడ తక్కువేమీ కాదు. కానీ మగవాడు కాలిస్తే అతని చేతివాటం గురించి పది నిమిషాలు మాట్లాడుకుంటారు.

ఆఫీసు విందుని హ్వేసిక్ అంటారు. తరచు జరిగేది సామ్‌గ్యోప్సల్, సోజుల మధ్యే. చో నామ్ జూ 2016లో రాసిన 'కిమ్ జి యంగ్, బార్న్ 1982'లో అలాంటి ఒక ఆఫీసు విందు ఉంది. జి యంగ్‌ని పెద్ద అధికారి పక్కన కూర్చోబెడతారు. అతను ఆమె రూపం గురించి వ్యాఖ్యానాలు చేస్తూ తాగమని బలవంతపెడతాడు. నవలగా నాకది కాస్త చప్పగా అనిపిస్తుంది. లెక్కలు, ఆధారాలు గుప్పించిన రిపోర్టులా సాగుతుంది. అయినా 10 లక్షల ప్రతులకి పైగా అమ్ముడైందంటే కారణం ఉంది. ఇంట్లో అన్నం ముందు నాన్నకి, తమ్ముడికి, నానమ్మకి, చితికిన ముక్కలూ విరిగినవీ ఆడపిల్లలకి అనే వరసని ఆమె ఏ అలంకారమూ లేకుండా రాసేస్తుంది. కొరియా ఆడవాళ్ళు అక్కడ తమ కంచాన్ని గుర్తుపట్టారు. ఈ ఒక్క విషయంలో చో నామ్ జూ హాన్ కాంగ్ కన్నా సూటి మనిషి.

మన దగ్గర 'ది వెజిటేరియన్' చదవడంలో ఇంకో చిక్కుంది. శాకాహారం అనే మాట మన చెవికి కడిగి, మడి కట్టుకుని వస్తుంది. అద్దె ఇళ్ళ బోర్డుల మీద ఉండేది ఆ మాటే. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా యూనివర్సిటీలో దళిత బహుజన విద్యార్థులు పెద్దకూర పండుగ చేస్తే దాడులు జరిగాయి. ఈ నేల మీద నిలబడి యోంగ్ హైని సాత్వికురాలిగా, అహింసామూర్తిగా మెచ్చుకునే సమీక్షలు చదివితే నాకు ఒళ్ళు మండుతుంది. ఆమె మాంసాన్ని అపవిత్రమనలేదు. ఆమెని కరిచిన కుక్కని తండ్రి బండికి కట్టి ఈడ్చి చంపితే, చిన్నప్పుడు దాని కూర తనూ తింది, ఆ సంగతి నవలలో ఆమే చెబుతుంది. అక్కడ అధికారం మాంసాన్ని నోట్లో కుక్కుతుంది. ఇక్కడ అధికారం నోటి దగ్గరి కూడు లాక్కుంటుంది. ఈ తేడా వదిలేసి చదివితే ఆమె తిరుగుబాటు మనలో కొందరికి ఇంటి ఆచారంలా కనబడుతుంది.

అక్క ఇన్ హై కొత్త అపార్ట్‌మెంట్‌లో చేరిన సందర్భంగా జరిగిన భోజనం అందరికీ గుర్తుండే ఘట్టం. తండ్రి చెంప పగలగొట్టి, తమ్ముడి చేత పట్టించి, నోట్లో పంది మాంసం కుక్కుతాడు. ఆమె కత్తి తీసి మణికట్టు కోసుకుంటుంది. ఆ భోజనం వండినవాళ్ళ మాట మాత్రం ఎవరూ అనరు. దుకాణం నడుపుతూ, బిడ్డని పెంచుతూ, అందరినీ పిలిచి పెట్టిన ఇన్ హైకి ఆ రోజు ఏం మిగిలిందో మూడో భాగంలో గానీ తెలియదు. అప్పటికి చెల్లెలు పిచ్చాసుపత్రిలో ఉంది. ఈమె బస్సెక్కి, వానలో, డబ్బాల్లో పళ్ళు సర్దుకుని వెళ్తుంది. ఒక్కొక్కటీ మూత తీసి ముందు పెడుతుంది. చెల్లెలు ముట్టదు. తర్వాత డాక్టర్లు పట్టుకుని ముక్కులోంచి గొట్టం దింపి గంజి పోయబోతారు. ఆ రోజు తండ్రి చేతిని ఆపలేకపోయానని ఏళ్ళ తరబడి కుమిలిన ఇన్ హై ఈసారి ఆపండని అరుస్తూ గదిలోకి దూసుకెళ్తుంది.